బట్టలు పెట్టినం, బాట రాలే

కొత్తింట్లకు పోయిన తెల్లారి, ఆకిలి ఊడుద్దామని చీపురు పట్టుకొని తలుపు తీసిన. కాలు బయట పెట్టబోయి గడప మీదనే ఆగిపోయిన. ముంగట నేల లేదు.

నిన్న అక్కడ ఆకుపచ్చ పట్ట పరిచి ఉండె. ఆ పట్ట మీదికెళ్లి మా ఆయన చేతికట్టె ఆనిచ్చుకుంట ఇంటి సుట్టు ఒక సుట్టు తిరిగిండు. వచ్చిన సుట్టాలందరు సూసిండ్రు. మా ఆడిబిడ్డ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. ఇప్పుడు ఆ పట్ట లేదు. గడప కిందికెళ్లి మోకాలు దాటిన లోతుల కాలువ, రెండిండ్ల సుట్టూత. అండ్ల నిన్నటి ఎంగిలి విస్తర్లు రెండు, ఎవరి పిల్లదో ఒంటి చెప్పు.

చేతుల చీపురున్నది, ఊడ్వటానికి ఆకిలి లేదు.

పక్కింటి తలుపు తెరుసుకున్నది. అది నా తోడికోడలి ఇల్లు. మా రెండిండ్లు పక్కపక్కన ఉంటయ్, నడుమ గోడ లేదు, ఇద్దరికి ఒకటే ముంగిలి. ఆమె గూడ నా లెక్కనే గడప మీద నిలబడ్డది. జరసేపు కాలువ దిక్కు సూసి, నా దిక్కు సూసి అన్నది:

"అక్కా, రాత్రి దొంగలు వడ్డరా ఏంది? బంగారం ఎత్కపోయేటోళ్ల సంగతి ఇన్న గని, ఆకిలి ఎత్కపోయేటోళ్ల సంగతి ఇనలే."

లోపటికెళ్లి మా ఆయన పిలుస్తున్నడు. "ఏమే, చాయ్ పెట్టు. ఒక తిరుగుడు తిరిగొస్త."

ఆయనకేం చెప్పాలె?

మాది మర్రిగూడ దిక్కు ఊరు. పత్తి, కంది, వాన పడితె పంట. బోరుల నీళ్లు ఫ్లోరిన్ నీళ్లు. ఆ నీళ్లతోనే మా ఆయన పెరిగిండు. ముప్పై ఏండ్లు దాటినయో లేదో నడుము వంగనన్నది. తర్వాత మెడ తిరుగనన్నది. ఎనుకనుంచి ఎవరన్న పిలిస్తె మనిషి మొత్తం తిరగాలె, బండి తిరిగినట్టు. పెద్ద దవాఖానల ఫొటో తీసి, బొక్కలు గట్టిపడ్డయ్, దీనికి మందు లేదన్నరు. తెలంగాణ వచ్చినంక ఇంటింటికి మంచి నల్లా నీళ్లు వచ్చినయ్. ఆ నల్లా తిప్పి మొదటి చెంబు ఆయనకే ఇచ్చిన. తాగి, "మంచిగున్నయ్. నాకు జర ఆలస్యంగ వచ్చినయ్," అన్నడు.

ఆయన సాపు జాగాల నడుస్తడు. కట్టె ఉంటె మంచిగనే నడుస్తడు. అడ్డం ఒక్క మెట్టొస్తె మాత్రం అంతే, కాలు లేవదు. ఊర్ల మా ఇంటి ముంగట మూడు మెట్లు ఉండె. ఆ మూడు మెట్ల పైన ఎన్నేండ్లు కూసున్నడో నాకు తెలుసు. బజారుల పోయేటోళ్లను పలకరిస్తడు, వాళ్లు ఒక మాట మాట్లాడి పోతరు, ఈయన ఆడనే ఉంటడు.

మా మరిది లారీ నడుపుతడు. ఆయన బతుకు రోడ్డు మీద గనుక నార్కట్‌పల్లిల ఊరి చివర జాగా కొన్నడు. మేం ఊర్ల చెలక భూమి అమ్ముకొని అండ్ల సగం తీస్కున్నం. ఇల్లు కట్టినాయన మా మేస్త్రి భాయ్. నన్ను చెల్లె అని పిలుస్తడు. ముగ్గు పోసే దినమే నేను ఆయనకు ఒకటే మాట చెప్పిన: "భాయ్, నాకు మార్బుల్ వద్దు, అద్దాలు వద్దు. మా ఆయన ఎవరి చెయ్యి పట్టుకోకుంట తలుపులకెళ్లి గేటు దాక పోవాలె. గంతే."

భాయ్ తలుపు ముంగట మట్టితోని ఒక జారుడు కట్ట పోసిండు. "ఇది ఇప్పటి మట్టుకే చెల్లె. దీని మీద బండలు పర్వాలె, పక్కకు పట్టుకోటానికి పైపు పెట్టాలె. బయటి పని నాది కాదు, అది చేసేటోళ్లు వేరే ఉన్నరు," అన్నడు.

అట్ల దొరికిండు తోట కంట్రాక్టరు. రోడ్డు పొంటి నర్సరీ పెట్టుకున్నడు. పూల చెట్లు అమ్ముతడు, కొత్త ఇండ్లకు ముంగిలి తయారుచేసి ఇస్తడు. బండల బాట, గడ్డి, చెట్లు, అన్ని ఆయన పనే. మంచి మాటగాడు. మొదటి దినమే మా ఆయన ముంగట మోకాళ్ల మీద కూసోని అడిగిండు, "పెద్దబాపూ, నీ కాలు ఎంత లేస్తది చెప్పు. నేను దానికి తగ్గట్టు బాట ఏస్త." ఏ డాక్టరు గూడ ఆ మాట అడుగలే. నాకు ఆ పోరని మీద అప్పుడే పానం గుంజింది.

కాయితం మీద రాసిచ్చిండు. రెండిండ్ల సుట్టు బండల బాట, నడుం ఎత్తుకు పైపు, ముంగట పచ్చగడ్డి, గేటు దాక నీడ చెట్లు. సగం కన్న ఎక్కువనే ముందు తీస్కున్నడు. పెద్ద మిషిని తెచ్చి భాయ్ పోసిన కట్టను ఒక్క పూటల గీకిండు. బాటకు పునాది కావాలని సుట్టూత కాలువ తవ్విండు. అటెన్క వారం మనిషి రాలే. వచ్చిన నాడు రెండు బండలు పెట్టిపోతడు.

ఈ లోపల అయ్యగారు పంచాంగం సూసి, వచ్చే వారం దాటితె మూఢం, మూడు నెలల దాక మంచి దినం లేదన్నడు. అప్పటికి భాయ్ పని గూడ పూర్తికాలే. మిద్దె మీదికి మెట్లు కట్టలే, నీళ్ల ట్యాంకు పెట్టలే. అయిన ఇంట్లకు పోయి పాలు పొంగియ్యాలె గదా. మేం అప్పుడు నార్కట్‌పల్లి నడుమ కిరాయి ఇంట్ల ఉన్నం. సామాన్లు సర్దుకునుడు, పిలుపులు చెప్పుడు, ఆ నాలుగు దినాలు కొత్తింటి దిక్కు పోను తీరలే.

పోయేసరికి ముంగిలి మెరుస్తున్నది. ముంగట పచ్చగడ్డి, గేటు పక్కకు నాలుగు చెట్లు, ఇంటి సుట్టు ఆకుపచ్చ పట్ట. కంట్రాక్టరు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నడు.

"పెద్దమ్మా, మీ దినానికి అందిచ్చిన. బండలు పరిచేసినం. సిమెంటు పచ్చిగున్నది, అందుకే పట్ట కప్పినం. మీద నడిస్తె ఏం కాదు, దాన్ని లేపకుండ్రి. పైపు ఒక్కటి మిగిలింది, వారంల అయిపోతది."

మా ఆయన అప్పటికే పట్ట మీద నడుస్తున్నడు. నేను ఇంకేం సూస్త?

మా దిక్కు ఇంట్లకు పోయిన దినం ఇల్లు కట్టినోళ్లకు బట్టలు పెడ్తరు. మేస్త్రి, వడ్లాయన, కరెంటాయన, రంగులేసినాయన, అందరిని ఒక వరుసల కూసోబెట్టి, బొట్టు పెట్టి, ఒళ్లె బట్టలు పెట్టి, శాలువ కప్పి దండం పెడ్తం. భాయ్‌కి బొట్టు పెట్టం, అత్తరు రాస్తం. ఆ వరుసల కంట్రాక్టరు గూడ కూసున్నడు. నా తోడికోడలు నా చెవుల, "అక్కా, ఈనికి పైపు పెట్టినంక పెడదాం," అన్నది. నేనే కసురుకున్న. వరుసల కూసున్న మనిషిని తప్పిచ్చి పక్కాయనకు పెడ్తె, సచ్చేదాక యాదుంచుకుంటడు. అసోంటి పని మంచి దినాన చేస్తమా?

శాలువ నేనే కప్పిన. ఆయన మనిషి సెల్‌ఫోన్ పట్టుకొని ముంగటికొచ్చి, "పెద్దమ్మా, పని ఎట్లుందో ఒక మాట చెప్పు," అన్నడు. ఇంట్ల పాలు పొంగిన గంట కాలే. అసోంటప్పుడు నోట్లకెళ్లి కానిది వస్తదా? చెప్పిన. ఇంక మా ఆయన నా ఎనుకనే నడుస్తున్నడు, అది సూసి మనసుల ఉన్నదంత చెప్పిన.

తెల్లారి కాలువ.

ఫోన్ చేస్తె కంట్రాక్టరు ఏం తొట్రుపడలే. "చెక్కలు, పట్ట టెంటోళ్లయి పెద్దమ్మా. వాళ్లకు వేరే పెండ్లి ఉన్నది, పొద్దుగాలనే తీస్కపోయిండ్రు. బండలు రేపు వస్తయ్."

"చెక్కలా? బండలు పరిచినవంటివి గదా!"

"పరుస్తున్నమంటిని."

ఫోన్ నా చేతులనే ఉన్నది. నేను గోడకు ఒరిగి కూసున్న. నిన్న నేను పానం పెట్టి దీవిచ్చిన మనిషి ఈయనేనా?

ఐదో దినం గడ్డి పచ్చదనం పోయింది. నీళ్లు తక్కువైనయేమో అని నేను రోజు రెండు బిందెలు పోస్తున్న. నా తోడికోడలు వంగి ఒక అంచు పట్టుకొని లేపింది. గడ్డి చాప లెక్క లేచొచ్చింది. ఇద్దరం పట్టి సుట్టినం, పక్క సుట్టినట్టు సుట్టుకున్నది. కింద మట్టి లేదు. కంకర రాళ్లు, సిమెంటు సంచులు, పగిలిన టైల్స్. ఆ రాళ్ల మీద గడ్డి పరిచి పోయిండు.

"అక్కా, దీన్ని మిద్దె మీద ఏసుకొని పండుకుందామా?" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే. గేటు పక్కకున్న చెట్టును పట్టి గుంజిన. కుండీతో సహా వచ్చింది.

మా మరిది లారీ దిగి వచ్చినప్పుడు రెండు చెక్కలు తెచ్చి కాలువ మీద ఏసిండు. మా ఆయన మొదటి అడుగు ఏసిండు. చెక్క ఊగింది. పడలే, మరిది పట్టుకున్నడు, గని ఆయన మొకం తెల్లగైంది. తిరిగి లోపటికి పోయి మంచం మీద కూసున్నడు. మళ్ల ఆ చెక్కల దిక్కు పోలే. దవాఖానకు పోవాలంటె కుర్సీల కూసోబెట్టి నలుగురు మోసి కాలువ దాటియ్యాలె. అట్ల మోసేటప్పుడు ఆయన కండ్లు మూసుకునేది. సూసేటోళ్లు కనపడొద్దని.

నెల అయింది. రెండు నెలలైనయ్. ఫోన్ చేస్తె ఎత్తుడు బందయింది. నర్సరీకి పోతె పని మీద బయటికి పోయిండంటరు. వానలు పడి కాలువ నిండింది, దోమలు, కప్పలు. ఊర్ల ఉన్నప్పుడు మూడు మెట్ల మీద కూసోని బజారన్న సూసేది, ఇక్కడ కిటికీ ఒక్కటే. ఒక దినం అన్నం పెడ్తుంటె మా ఆయన అన్నడు:

"ఊర్లనే ఉంటె మంచిగుండు."

ఆయన నన్నేం అనలే. గని ఊరు ఇడిసి పోదామని నెత్తినోరు కొట్టుకున్నది నేనే. అన్నం గిన్నె కింద పెట్టిన. ఆ దినమే అనుకున్న, ఈయన బయటికి నడిచేదాక నేను ఊకోనని.

తొవ్వ చూపింది నా తోడికోడలే. నల్లగొండ బస్సుల ఒకామె పక్కకు కూసుంటె ముచ్చట పెట్టిందంట. ఆమె కొన్న ఫ్రిజ్ నెలకే పాడైతె వినియోగదారుల కోర్టుకు పోయి గెలిసిందంట. "ఫ్రిజ్‌కు కోర్టుంటె ఆకిలికి ఉండదా అక్కా?" అన్నది.

ఇద్దరం పోయినం. నేను మూడో తరగతి దాక సదివిన, ఆమె ఐదు. కోర్టు బయట బల్ల ఏసుకొని దరఖాస్తులు రాసేటాయనకు మొత్తం చెప్పినం. ఆయన కాయితం సూసిండు, ఫోటోలు సూసిండు, మంచిగ రాసిండు. పని పూర్తి చెయ్యాలె, లేకుంటె పైసలు తిరిగియ్యాలె, పడ్డ బాధకు పరిహారం ఇయ్యాలె అని. అటెన్క చెప్పిండు:

"అమ్మా, ఒక్క సంగతి. తీర్పు వచ్చేదాక ఆ కాలువను ముట్టొద్దు. ఎట్లున్నది అట్లనే ఉండాలె. పూడిస్తె మీ చేతుల సాక్ష్యమే ఉండదు."

ఆ మాట ఇని ఇద్దరం మొకాలు సూసుకున్నం. అప్పటికే భాయ్ రెండుసార్లు చెప్పిండు, "చెల్లె, మట్టి నేను పోస్త, కూలీ వద్దు." వద్దని చెప్పవలసి వచ్చింది. మా ఆయన తలుపు దాటాలని కేసు ఏసిన, ఆ కేసే ఆయనను ఇంకో ఎనిమిది నెలలు లోపట పెట్టింది. ఆయనకు ఈ సంగతి చెప్తె, "అయితె కట్టెను పైన పెట్టు," అన్నడు. అటుక మీద పెట్టిన.

వాయిదాలు నడిచినయ్. కంట్రాక్టరు రెండుసార్లు రాలే. మూడోసారి నల్లకోటు వకీలుతోని వచ్చిండు. తెల్ల అంగీ ఏసుకొని, నన్ను సూడంగనే వంగి దండం పెట్టిండు. "బాగున్నవా పెద్దమ్మా, పెద్దబాపు మంచిగున్నడా?"

వకీలు లేచి చెప్పిండు, పని మొత్తం పూర్తయింది, అందుకే వాళ్లు సంతోషంతో సన్మానం చేశారు, తరువాత నీళ్ల పైపు కోసం ఆ కాలువ వాళ్లే తవ్వుకున్నారు అని.

"మేమా!" అని నా తోడికోడలు గట్టిగ అన్నది. బంట్రోతు కసిరిండు.

నడుమ కుర్సీల కూసున్న మేడం అడిగింది, ఆధారం ఏమున్నదని. వకీలు ఒక ఫోన్ తీసి బల్ల మీద పెట్టి ఆడిచ్చిండు.

ముందు నాదస్వరం సప్పుడు. అటెన్క నేను. పట్టుచీర కట్టుకొని, పసుపు పూసుకొని, ఆ మనిషికి శాలువ కప్పుతున్న. నా గొంతు నాకే ఇనవడుతున్నది, ఆ హాలు మొత్తం ఇనవడుతున్నది: "కడుపుల పుట్టిన కొడుకైన గింత మంచిగ చెయ్యడు. మా ఆయన నడుస్తున్నడు సూడుండ్రి. ఈ బిడ్డ సల్లగుండాలె. ఇంక పది ఇండ్ల పని దొరకాలె."

ఎనుక కుర్సీ ఉన్నదో లేదో సూసుకోకుంటనే కూసున్న. ఆ మాటలు నాయే. ఒక్కటి గూడ దొంగమాట కాదు. ఎవడన్న అబద్ధం చెప్తె కొట్లాడొచ్చు, నా నోరే నా మీదికి లేస్తె నేనెవరితోని కొట్లాడాలె?

"పని పూర్తికాని మనిషికి ఎవరైనా బట్టలు పెట్టి సన్మానం చేస్తారా మేడం?" అన్నడు వకీలు.

మేడం నా దిక్కు సూసింది. "అమ్మా, ఇది మీరేనా?"

"నేనే మేడం."

"ఈ మాటలు మీరే అన్నారా?"

"అన్న మేడం. ఆ దినం ఆయన నడిచిండు."

వాయిదా పడ్డది. బయట మెట్ల కాడ కంట్రాక్టరు మా పక్కకొచ్చి నవ్విండు.

"పెద్దమ్మా, నీ దీవెన మంచి దీవెన. ఆ వీడియో సూసి ముగ్గురు నాకు పని ఇచ్చిండ్రు."

నేను ఆయన మొకం సూసుకుంట నిలబడ్డ. ఎటకారం అయితె కోపమొస్తుండె. ఆయన నిజంగనే సంతోషంతోని చెప్తున్నడు. అది నన్ను ఇంకా పట్టి ఊపింది. నా తోడికోడలే అందుకున్నది:

"మా అక్క నోటికి తిట్టుడు గూడ వస్తది బిడ్డా. అది వీడియో తీస్తవా, ఫోన్ తియ్యి."

బస్సుల వచ్చేటప్పుడు కట్టంగూర్ దిక్కు పని మీదున్న భాయ్‌కి ఆమెనే ఫోన్ చేసింది. ఇగ వచ్చే వాయిదాకు భాయ్ పని ఇడిసిపెట్టి వచ్చిండు. తలకాయకు టోపీ, మీద ఇస్త్రీ అంగీ. ఆయనను నిలబెట్టి వకీలు అదే అడిగిండు, పని కాకుంట బట్టలు పెడ్తరా అని.

"పెడ్తరు సార్. నాకు గూడ ఆ దినమే పెట్టిండ్రు. అప్పటికి మిద్దె మెట్లు కట్టలే, ట్యాంకు పెట్టలే. ఆ తర్వాత నెల పని చేసిన. ఈ అంగీ అదే సార్, వాళ్లు పెట్టిన బట్టనే."

"మీకు పెట్టింది మర్యాదకు. ఇతనికి పెట్టింది పని నచ్చి."

"సార్, మా తాత కాడికెళ్లి మేం ఇండ్లు కడ్తున్నం. బట్టలు ఇంట్లకు పోయే దినం పెడ్తరు. ఆ దినం అయ్యగారు చెప్పిన దినం, మా పని సూసి పెట్టిన దినం కాదు. ఎంత పని మిగిలిందో అందరికి ఎరుకే ఉంటది. బట్ట తీస్కున్నోడు ఆ మిగిలింది చేసే పోవాలె. చెయ్యకుంట పోయినోణ్ని నా ఇన్నేండ్ల ఉమర్‌ల నేను ఈయన్నే సూసిన."

మేడం ఏదో రాసుకున్నది. "కాలువ సంగతి?" అన్నది. వకీలు మళ్ల అదే అన్నడు, బాట పరిచి ఉండగా వాళ్లే తవ్వుకున్నరని, వీడియోల ముసలాయన దాని మీద నడుస్తూ కనపడుతున్నడు గదా అని, ఫోన్ మళ్ల ఆడిచ్చిండు.

ఈసారి నేను నా మొకం సూడలే. తలకాయ కిందికి ఏసుకున్న. అందుకే ఇనవడ్డది. నా మాటల ఎనుక, నాదస్వరం ఆగిన సందుల, ఇంకో సప్పుడు. డుబ్బు, డుబ్బు, డుబ్బు.

నేను లేచిన. "మేడం, జర మళ్ల పెట్టుమనుండ్రి. నా మాటలు ఇనకుండ్రి. మా ఆయన కట్టె సప్పుడు ఇనుండ్రి."

మళ్ల పెట్టిండ్రు. హాలుల ఎవరు కదుల్తలేరు. డుబ్బు, డుబ్బు. అడుగున ఏం లేని సప్పుడు.

నేను ముంగటికి పోయి, భాయ్ చేతుల గొడుగు ఉంటె తీస్కొని హాలుల బండ మీద కొట్టిన. టక్కు మన్నది. సాక్షి చెప్పేటోళ్లు నిలబడే చెక్క మీద కొట్టిన. డుబ్బు మన్నది. బంట్రోతు నా చెయ్యి పట్టుకోబోయిండు, మేడం ఆగుమన్నది.

"బండ మీద కట్టె గట్ల మోగుతదా మేడం? పదైదేండ్ల కాడికెళ్లి ఇంటున్న ఆ కట్టె సప్పుడు. ఆ దినం పాలు పొంగిన సంబురంల ఇనలే."

కంట్రాక్టరు దిక్కు సూసిన. ఆయన నోరు తెరిసి ఉన్నది. ఆ వీడియో ఊరంత సూపిచ్చుకున్నడు గదా, ఆయన గూడ ఒక్కసారి ఇనలేదనుకుంట.

కోర్టు ఒక పడుసు వకీలును మా ఇల్లు సూడటానికి పంపింది. టేపు, కాయితాలు పట్టుకొని వచ్చిండు. కాలువ నిండ నీళ్లు, మేం తిరిగే చెక్కలు ఊగుతుంటె ఆయనకు భయమైంది. అటు నిలబడి ఒకసారి, ఇటు నిలబడి ఒకసారి దునుకుదామని సూసిండు. బూట్లు ఇప్పిండు. మళ్ల తొడుక్కున్నడు. ఆఖరికి కిటికీ కాడికి అరిచి మా ఆయనను అడిగిండు, "పెద్దాయనా, బయటికి వచ్చి ఎన్ని రోజులైంది?"

"నీకు లోపటికి రాను ఎంతసేపాయె?" అన్నడు మా ఆయన.

ఆ పిలగాడు నవ్వి, అది గూడ రాసుకున్నడు.

తీర్పు వచ్చింది. బాటకు తీస్కున్నది తిరిగియ్యాలె, పది నెలలు పడ్డ బాధకు పరిహారం ఇయ్యాలె అని. గడ్డికి, చెట్లకు మాత్రం ఏం రాలే. అవి ఇచ్చిండు, మీరు తీస్కున్నరు, ఎండిపోయినయని చెప్పటానికి రుజువు లేదన్నరు. మేం ఆ గడ్డి సుట్ట ఎన్నడో పొయ్యిల పెట్టినం. కంట్రాక్టరు ఇంకో రెండు నోటీసులు పోయినంక కట్టిండు. ఈసారి దండం పెట్టలే.

భాయ్ పదకొండు దినాల్ల పని చేసిండు. కాలువ పూడ్చి, కొట్టి, నీళ్లు పోసి అణిచి, దాని మీద షాబాద్ బండలు పరిచిండు. తలుపు కాడ జారుడు, పక్కకు పైపు. సిమెంటు ఆరేదాక ఎవరిని తొక్కనియ్యలే, కోడి వచ్చిన ఉరికిచ్చిండు. అటుక మీదికెళ్లి కట్టె తీసి నేనే ఆయన చేతుల పెట్టిన. మొదటి దినం నేను పక్కన నడిచిన. రెండో దినం రెండడుగులు ఎనుక. ఇంటి సుట్టు ఒక సుట్టు తిరిగి లోపటికి వచ్చేది. గేటు దిక్కు పోలే. నేను గూడ పొమ్మనలే.

పది పదిహేను దినాలైనంక ఒకనాడు పాలు తెచ్చేసరికి మంచం మీద మనిషి లేడు. బాట మీద లేడు. ఇంటెనుక లేడు. కట్టె లేదు. గేటు తెరిచున్నది.

పాలగిన్నె చేతులనే ఉన్నది, ఉరికిన. గేటు దాటితె సందు, సందు దాటితె రోడ్డు, ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో మీకు ఎరుకే. మెడ తిరుగని మనిషి, పక్కనుంచి బండొస్తె ఎట్ల సూస్తడు? నా తోడికోడలు ఎనుకనుంచి "అక్కా, ఆగు, చెప్పులన్న ఏసుకో" అని అరుస్తున్నది.

రోడ్డు దాక పోలే. సందు చివరకు చాయ్ బండి ఉంటది, దాని ముంగట బల్ల. బల్ల మీద మా ఆయన కూసున్నడు. ఇటు పత్తి రైతు ఒకాయన, అటు ఆటో పిలగాడు. పత్తికి ఏ మందు కొట్టాల్నో ఆ రైతుకు చెప్తున్నడు. ఆ మందు అమ్ముడు బందయి ఎన్నేండ్లాయెనో.

నేను ఎనుకనుంచి పోయి నిలబడ్డ. పిలిస్తె మనిషి మొత్తం తిరగాలె గదా, తిరగనియ్య మనసు రాలే. ముంగటికి పోయిన. నా మొకం ఎట్లున్నదో, చాయ్ బండాయన గ్లాసు కింద పెట్టి సూస్తున్నడు.

"ఎందుకు ఉరికొచ్చినవ్?" అన్నడు మా ఆయన.

"చెప్పి రావద్దా?"

"చెప్తె నువ్వు వస్తవు."

బల్ల మీద జాగా ఉన్నది, జరిగితె కూసునేదాన్నే. ఆయన జరుగలే.

"ఇంటికి పో," అన్నడు. "ముచ్చట అయినంక నేనే వస్త."

పోయిన. తొవ్వల నా తోడికోడలు చెప్పులు పట్టుకొని ఎదురొచ్చింది. ఏమైందక్కా అని అడిగితె, పాలగిన్నె ఆమె చేతుల పెట్టి చెప్పులు తొడుక్కున్న. గిన్నెల పాలు సగమే ఉన్నయ్.